గైడు పేరు రాయవలసిన గడి

మ్యూజియంలో ఇరవై ఆరేళ్లుగా గైడు పని చేస్తున్న మనిషి, యాభై రెండో ఏట పీహెచ్‌డీకి అప్లికేషన్ పెట్టుకోవడం ఒక వింత. ఆ అప్లికేషన్‌లో ‘గైడు పేరు’ అన్న గడిలో తన పేరే రాసుకోవడం రెండో వింత. నవ్వకండి. రోజూ పొద్దున్నే ఒక రిజిస్టరులో ‘గైడు పేరు’ అని అచ్చేసిన చోట పేరు రాసి, సంతకం పెట్టి డ్యూటీ ఎక్కే మనిషి మీరే అయితే, ఆ రెండు మాటలు ఎక్కడ కనబడినా మీ చెయ్యి దానంతటదే కదిలేది.

యూనివర్సిటీ వాళ్ల భాషలో గైడంటే పరిశోధన చేసేవాణ్ని వెనకుండి నడిపించే ప్రొఫెసరట. మ్యూజియం భాషలో గైడంటే ముందుండి నడుస్తూ, ముట్టుకోకండి ముట్టుకోకండి అనేవాడు. ఈ తేడా మన గైడుకు ఎవరూ చెప్పలేదు. ఆయన చదివిన ఎమ్మే దూరవిద్యలో చదివింది, పుస్తకాలు పోస్టులో వచ్చేవి, ప్రొఫెసరు మొహం చూసిన పాపాన పోలేదు. ఇక తెలిసేదెలా?

అసలు ఈ వయసులో ఆయనకు డాక్టరేటు పిచ్చి ఎందుకు పట్టిందంటే, అదంతా ఒక రాయి వల్ల. మ్యూజియం రెండో గదిలో కిటికీ పక్కన అద్దాల పెట్టెలో ఉంటుంది, నలభై మూడో నంబరు. అరచేతిలో ఇమిడేంత నల్లరాయి, దానికి మూడు కన్నాలు. కింద చీటీ మీద ‘నేత బరువురాయి’ అని రాసి ఉంటుంది. పడుగు దారాలు బిగిసి ఉండడానికి దీన్ని మగ్గానికి వేలాడగట్టేవాళ్లని గైడు రోజుకు నాలుగుసార్లు చెబుతాడు. గొంతు తగ్గించి, లేని దారాన్ని రెండు వేళ్లతో గాలిలో పట్టుకుని మరీ చెబుతాడు. జనం ఆహా అంటారు. అది పచ్చి అబద్ధం.

అబద్ధం పుట్టింది ఆయన నోట్లోనే, ఉద్యోగంలో చేరిన రెండో నెలలో. అప్పట్లో ఆ రాయికి చీటీ లేదు, పెట్టె లేదు, బల్ల మీద నాలుగు పెంకుల మధ్య పడి ఉండేది. ఒకరోజు గుంపులోంచి ఒకమ్మాయి ముందుకొచ్చి, “ఇదేంటండీ?” అని అడిగింది. ఆ అమ్మాయి చేతిసంచిలోంచి కొలత టేపు వేలాడుతోంది, చూపుడువేలి నిండా సూదిపోట్లు. టైలరని తెలుస్తూనే ఉంది. కళ్లు కూడా పెద్దవి. “తెలీదండీ” అనాల్సిన చోట గైడు నోరు జారి, నేత, మగ్గం, పడుగు అంటూ అల్లేశాడు. టైలరమ్మాయికి నేతపని సంగతి చెబితే సంతోషిస్తుందనుకున్నాడు, అంతే. ఆ అమ్మాయి పై వారం మళ్లీ వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. ఏడాది తిరక్కుండా ఇద్దరికీ పెళ్లయింది.

ఇప్పుడర్థమైందా చిక్కు? ఆ రాయి సంగతి ఉత్తదని ఎక్కడన్నా ఒప్పుకుంటే, ఇంట్లో కాపురం పునాదిరాయే బోగస్ అని ఒప్పుకున్నట్టు. అందుకని గైడు ఆ ముక్క కడుపులోనే దాచుకున్నాడు. అబద్ధం మాత్రం దాక్కోలేదు, దర్జాగా ఊరేగింది. ఆయన చెబుతుండగా విన్న పాత క్యూరేటరు చీటీ రాయించాడు. చీటీ చూసి మ్యూజియం పరిచయ పుస్తకంలో వేశారు. అది చూసి పేపరు ఆదివారం పేజీలో రాశారు. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు ఏకంగా పద్నాలుగు పేజీల అధ్యాయం రాసి, ఈ రాయి దొరికింది కాబట్టి ఈ ప్రాంతమంతా ఒకప్పుడు నేతపనికి పెట్టింది పేరని తేల్చేసింది. ఆ అధ్యాయం చూసి స్కూలు పాఠంలో పెట్టారు.

పాఠంలోకి ఎక్కిన సంగతి గైడుకు పోయినేడాది తెలిసింది. ఐదో తరగతి పిల్లల్ని వెంటేసుకొచ్చిన టీచరమ్మ, నలభై మూడో నంబరు ముందు ఆగి, తెగ సంబరపడిపోతూ చెప్పింది.

“ఇది మాకు పరీక్షలో కూడా వస్తుందండీ. ‘మ్యూజియంలోని మూడు కన్నాల వస్తువు డ్యాష్’, ఖాళీ పూరించాలి. అందరూ బాగానే రాశారు, ఒక్క పిల్ల మాత్రం ‘రాయి’ అని రాసింది. సున్నా వేశాను.”

ఆ పిల్ల అక్కడే ఉంది. రెండు జడలు, ముక్కు మీద గీరుకున్న గాయం. సున్నా సంగతి మళ్లీ గుర్తుచేసినందుకు నేల చూపులు చూస్తోంది. ఆ వస్తువు గురించి ఇప్పటిదాకా ఎవరన్నా నిజం రాశారంటే, అది ఆ పిల్ల రాసిన ఒక్క మాటే. గైడు గుండెలో రాయి పడింది. ఆ రోజు మధ్యాహ్నం బ్యాచిని అరగంటలో ముగించేసి, మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. సిగ్గేసింది ఆయనకు, ఒళ్లంతా సిగ్గేసింది.

మర్నాడు కొత్త క్యూరేటరు దగ్గరికెళ్లి, ఆ చీటీ ఒకసారి చూసుకుంటే బావుంటుందేమోనని నసిగాడు. క్యూరేటరు కుర్రవాడే గానీ పద్ధతి గల మనిషి.

“గైడు చెప్పాడని చీటీలు మారుస్తూ పోతే ఎలాగండీ? డాక్టరేటు ఉన్నవాళ్లెవరన్నా పరిశోధన చేసి రాయాలి.”

గైడు చెప్పాడనే ఆ చీటీ పడిందని ఈయన ఎలా చెబుతాడు? తలూపి వచ్చేశాడు. వచ్చేటప్పుడే ఆలోచన తట్టింది. డాక్టరేటు ఉన్నవాళ్లు రాయాలంటే, తనే డాక్టరేటు చేస్తే పోలా? పరిశోధన చేసి, అది నేత బరువురాయి కాదని రుజువు చెయ్యొచ్చు. ‘గతంలో కొందరు పొరబడ్డారు’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆ కొందరిలో అందరూ తానేనని రాయనక్కర్లేదు. చీటీ మారుతుంది, పాఠం మారుతుంది, ఇంట్లో ఆవిడకు ఏమీ తెలియదు. ఇంత పెద్ద ఎత్తు తన బుర్రకు తట్టినందుకు గైడు తనను తనే మెచ్చుకున్నాడు. ఓ రాయి వేసి చూద్దామనుకున్నాడు.

అప్లికేషన్ ఇంట్లో కుట్టుమిషను పక్కన, కత్తిరించే బల్ల మీద నింపాడు. ఆ బల్ల ఆవిడది. ముందుగదే ఆవిడ దుకాణం. మిషను మీద జాకెట్టు చేతులు అతుకుతూనే ఆవిడ వింటోంది. పరిశోధన ప్రశ్న గడి మాత్రం పైకి చదవకుండా, ‘నలభై మూడో నంబరు నేత బరువురాయి అని మొదట ఎవరు, ఏ ఆధారముతో చెప్పిరి?’ అని నింపాడు.

“‘గైడు ఇప్పటివరకు ఎంతమందికి మార్గదర్శనం చేసెను?’ అంట.”

“రోజుకెంతమంది వస్తారు?”

“ఏభై అనుకో. ఏడాదికి మూడొందల రోజులు.” కాగితం మీద హెచ్చవేసి, ‘సుమారు మూడు లక్షల తొంభై వేలు’ అని రాశాడు. ‘పూర్తి చేయకుండా వెళ్లినవారు’ అన్న గడిలో ‘వేసవిలో కొందరు’ అని రాశాడు. ‘అభ్యర్థి గురించి గైడు అభిప్రాయము’ దగ్గర మాత్రం కాసేపు ఆగాడు. తన గురించి తను గొప్పలు రాసుకోవడం ఆయనకు చేతకాదు. చివరికి ‘మంచివాడు, కాస్త ఎక్కువ మాట్లాడును’ అని రాశాడు.

“ఇదేంటో చూడు. ‘గైడుకు, అభ్యర్థికి బంధుత్వము కలదా?’”

ఆవిడ మిషను ఆపింది. “లేదని రాయండి. మీకు మీరు ఎప్పుడు చుట్టమయ్యారు?”

లేదని రాశాడు. రాసి ఆఖరి తేదీ సాయంత్రం, కౌంటరు మూసే ముందు ఇచ్చి వచ్చాడు.

పది రోజుల తర్వాత రీసెర్చి సెక్షను నుంచి ఫోనొచ్చింది, గైడును వెంటబెట్టుకుని రమ్మని. గైడు తననే వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆ సెక్షను మెట్ల కింద ఇరుకు గది. బల్ల మీద ఫైళ్లు ఎంత ఎత్తున ఉన్నాయంటే, వెనక గుమాస్తా ఉన్నాడా లేడా అని పక్కకు వంగి చూడాల్సి వచ్చింది. ఉన్నాడు.

“గైడుగారేరీ?”

“నేనేనండీ.”

“మీరు అభ్యర్థి కదా?”

“అభ్యర్థిని కూడా నేనేనండీ.”

గుమాస్తా కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. కుర్చీలో ఉన్నది ఒక్కడే. అప్పుడు ఓపిగ్గా యూనివర్సిటీలో గైడంటే ఏమిటో వివరించాడు. వింటున్నకొద్దీ గైడు మొహంలో రంగులు మారాయి. పప్పులో కాలేశానని అర్థమై నాలుక కరుచుకున్నాడు.

“ఆ గడి కొట్టేసి ఇస్తానండీ.”

“గడువు దాటాక దిద్దితే చెల్లదు.”

“పోనీ తిరస్కరించండి.” ఆ మాట అనేటప్పుడు రెండు జడల పిల్ల కళ్లముందు కదిలింది.

“అంత తేలికనుకున్నారా?” గుమాస్తా నిట్టూర్చాడు. “తిరస్కరిస్తే ఏ రూలు కిందో నంబరు వెయ్యాలి. గైడుకు డాక్టరేటు గానీ ఇరవయ్యేళ్ల అనుభవం గానీ ఉండాలి, మీకు ఇరవయ్యారుంది. చుట్టమైతే పద్నాలుగో రూలు పెట్టి కొట్టేసేవాణ్ని, మీరేమో చుట్టం కాదన్నారు. గైడూ అభ్యర్థీ ఒకడే కాకూడదని ఎక్కడా రాయలేదు. ఎవరికి తడుతుంది చెప్పండి, ఇలాంటిది?” మళ్లీ ఫైలు మీదికి వంగాడు. “అది సరే గానీ, మూడు లక్షల తొంభై వేల మందా?”

“సెలవులు తీసేసే లెక్కేశానండీ.”

“ఈ యూనివర్సిటీ పుట్టింది మొదలు గైడులంతా కలిసి గట్టెక్కించింది రెండు వేల నూటనాలుగు మందినండీ!”

“పాపం, వాళ్లకు వేరే పనులు కూడా ఉంటాయి కదా.”

గుమాస్తా ఫైలు కమిటీకి పంపుతున్నట్టు రాసి, తేదీ వేసి, చివర్లో తాపీగా చెప్పాడు. “బయటి గైడు కాబట్టి ముప్ఫై ఒకటో రూలు ప్రకారం సాక్షి కావాలి. గైడునూ అభ్యర్థినీ ఇద్దర్నీ కనీసం పాతికేళ్లుగా ఎరిగినవాళ్లు. ఇంటర్వ్యూలో మొదట్నుంచీ చివరిదాకా కూర్చోవాలి.”

గైడు ముందు టికెట్ కౌంటరాయన పేరు చెప్పాడు. ఆయన చేరి రెండేళ్లే. తోటమాలి పేరు చెప్పాడు. పదిహేనేళ్లే. పాత క్యూరేటరు పోయాడు. వేళ్లు ముడుస్తూ పోతే చివరికి ఒక్క వేలే మిగిలింది. ఇరవై ఆరేళ్లుగా ఆయనను ఎరిగిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఇంటర్వ్యూ రోజున ఆవిడ దుకాణానికి తాళం వేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని బయల్దేరింది. హడావిడిలో మెడలోని టేపు తియ్యడం మర్చిపోయింది. దారి పొడుగునా గైడు తనలో తనే ఏదో వల్లించుకుంటూ నడిచాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఆ రాయి మీద పనిచేసిన ప్రొఫెసరు ఆ యూనివర్సిటీలో ఒకరే, ఆ పద్నాలుగు పేజీలామె. ఆమె ఒప్పుకుంటేనే సీటు. నిజం చెబితే ఆమె పద్నాలుగు పేజీలూ నీళ్లపాలు, తన సీటు కూడా వాటితోపాటే. పైగా పక్కనే పెళ్లాం. కాబట్టి అనవలసిన వాక్యం ముందే కంఠతా పట్టాడు. ‘మొదట ఎవరు అన్నారో తెలియరావడం లేదు మేడమ్, నా పరిశోధనే దాని మీద.’ ఈ ఒక్కటీ తడబడకుండా అనేస్తే చాలు.

కమిటీ గదిలో పొడవాటి బల్లకు అటువైపు ప్రొఫెసరు, ఆమె పక్కన డిపార్ట్‌మెంట్ హెడ్డు. తలుపు దగ్గర గుమాస్తా మినిట్స్ రాసుకోవడానికి. ఇటువైపు రెండు కుర్చీలు, ఒకటి అభ్యర్థికి, ఒకటి గైడుకు. సాక్షికి కుర్చీ వెయ్యలేదు. గైడుకు వేసిన కుర్చీ ఖాళీగానే ఉంటుంది కాబట్టి అందులో ఆవిడను కూర్చోబెట్టారు.

“ఈయనే గైడని మీరు గుర్తుపడుతున్నారా?” హెడ్డు ఆవిడను అడిగాడు.

“పడుతున్నానండీ.”

“అభ్యర్థిని?”

ఆవిడ మళ్లీ ఒకసారి మొగుడి వైపు చూసింది. “ఆయన్నీ పడుతున్నానండీ.”

గుమాస్తా రెండుసార్లు టిక్కు పెట్టాడు. ప్రొఫెసరు ఫైలు తెరిచింది. నెరిసిన జుట్టు, తొణకని మనిషి. గైడు అప్లికేషన్‌కు జతచేసిన పటం తీసి బల్ల మీద పరిచింది. ఆ రాయి గురించి ఇప్పటిదాకా అచ్చయిన పదకొండు రాతలనూ గైడు అందులో వరసగా రాసి, ఏది దేన్ని చూసి రాశారో బాణాలు గీశాడు. నిజం చెప్పాలంటే చక్కటి పని. బాణాలన్నీ ఒక్కో మెట్టే దిగుతూ అడుగున ఒక గడి దగ్గరికి చేరతాయి. ఆ గడి ఖాళీ.

“నా పుస్తకం కూడా వేశారు,” అందామె. “నేను పాత క్యూరేటరు గారిని అడిగి రాశాను. కింద ‘మ్యూజియం వర్గాల సమాచారం’ అని కూడా వేశాను. ఆయనకెవరు చెప్పారు? ఈ ఖాళీ గడిలో ఎవరు?”

కంఠతా పట్టిన వాక్యం నాలుక చివరే ఉంది. గైడు నోరు తెరిచాడు. ఎదురుగా ఖాళీ గడి. ఖాళీ పూరించాలి. పూరించకుండా తప్పించుకుంటే ఇకమీద ఏటా ఏదో ఒక స్కూల్లో ఏదో ఒక పిల్లకు సున్నా పడుతూనే ఉంటుంది, తను కాస్త ఎక్కువ మాట్లాడుతూనే ఉంటాడు. ఆయనకు తన గొంతంటేనే రోత పుట్టింది.

“నేనే మేడమ్.”

“మీరంటే?”

“నేనే చెప్పానండీ. ఏమీ తెలియకుండా. నోటికొచ్చింది చెప్పేశాను.”

హెడ్డు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. గుమాస్తా కలం ఆగింది. ప్రొఫెసరు చెయ్యి పటం మీద అలాగే ఉండిపోయింది.

“ఏ ఆధారంతో?” అందామె.

“ఒకమ్మాయి అడిగిందండీ. సంచిలో కొలత టేపు కనబడింది. కుట్టుపని చేసే అమ్మాయి కదా, నేతపని అంటే సంతోషిస్తుందనిపించింది.”

“టేపు.”

“అవునండీ. అంతకుమించి ఆధారం లేదు.”

“ఆ అమ్మాయి నమ్మిందా?”

“నమ్మిందండీ. పై వారం మళ్లీ వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. తర్వాత పెళ్లి చేసుకున్నాం.”

గదిలో ముగ్గురి చూపులూ ఒక్కసారి పక్క కుర్చీ మీదికి, ఆవిడ మెడలోని టేపు మీదికి వెళ్లాయి. గైడు ఒక్కడే చూడలేదు. చూసే ధైర్యం లేక, బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఏడుస్తుందో, లేచి వెళ్లిపోతుందో అని చెవులు రిక్కించాడు.

“నేను నమ్మలేదండీ,” అందావిడ.

అప్పుడు చూశాడు గైడు.

“మా మేనత్త నేసేది. దారం రాసుకుంటే రాయైనా నునుపు తేలుతుంది. దీని కన్నాల అంచులు చేతికి గీరుకుంటాయి. ఒక్కరోజు కూడా దారం ఆడలేదు వాటిల్లో. మొదటిసారి సరిగ్గా చూసుకోలేదు, అందుకని పై వారం మళ్లీ వెళ్లాను. అప్పుడు అద్దాలు లేవు. ఈయన అటు తిరిగినప్పుడు తడిమి చూశాను.”

“నాకోసం కాదా వచ్చింది?” గైడు గొంతు కీచుమంది. కమిటీ ముందున్నానన్న స్పృహే లేదు.

“రెండోసారి రాయి కోసం. మూడోసారి మీకోసం.”

హెడ్డు దగ్గాడు. మినిట్స్‌లో ఇది రాయాలా వద్దా అన్నట్టు గుమాస్తా ఆయన వైపు చూశాడు. హెడ్డు రాయమన్నట్టు తలూపాడు.

“మరి ఇన్నేళ్లూ ఒక్కసారి చెప్పలేదేం?” అన్నాడు గైడు.

“మీరు అడగలేదు.” ఆవిడ గొంతులో కోపం లేదు, అలవాటుంది. “మీరు చెప్పే మనిషి. చెబుతుంటే మీ మొహం వెలిగిపోతుంది. మధ్యలో నేనెక్కడ దూరను?”

ఇరవై ఆరేళ్లు. భోజనాల దగ్గర, బస్సుల్లో, చుట్టాలిళ్లలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! ప్రతిసారీ ఆవిడ పక్కనే ఉంది. కూర వడ్డిస్తూనో గుండీ కుడుతూనో వింది. తను దాచిపెట్టి కాపాడుతున్నాననుకున్నాడు, కాపాడుతున్నది ఆవిడ.

ప్రొఫెసరు పటం మడిచి, కలం తీసి ఏదో రాసుకుంది. “కన్నాల అంచులు నేను చూడలేదు. అద్దం బయటి నుంచి ఫొటో తీసుకుని రాశాను,” అని తనలో తను అనుకున్నట్టు అంది. ఇక మీరు వెళ్లొచ్చని హెడ్డు చెప్పాడు.

ఉత్తరం మూడు వారాలకు వచ్చింది. అప్లికేషన్ తిరస్కరించారు. కారణం, పందొమ్మిదో రూలు. ‘జవాబు తెలిసిన ప్రశ్నపై పరిశోధనకు అనుమతి లేదు. అభ్యర్థి ప్రతిపాదించిన ప్రశ్నకు అభ్యర్థే ఇంటర్వ్యూలో పూర్తి జవాబు చెప్పినందున, ఇక పరిశోధించవలసినదేమీ మిగలలేదు.’ నిజం చెప్పినందుకు సీటు పోవడం ఎక్కడన్నా ఉంటే ఉండొచ్చు గానీ, ఇంత పద్ధతిగా పోవడం మాత్రం గొప్పే. ప్రొఫెసరు స్కూలు పుస్తకాల వాళ్లకు రాసిన ఉత్తరం నకలు కూడా జతచేసింది. తన అధ్యాయం తప్పని, పాఠంలోంచి ఆ ఖాళీ తీసేయమని అందులో ఉంది. ఆమె కూడా మనిషి కదా, ఎంత కష్టమై ఉంటుందో! తిరస్కరణ కాగితం అడుగున ఆమె చేతిరాతలో రెండు వాక్యాలున్నాయి. ‘వచ్చే ఏడు మీకు తెలియని ప్రశ్న తీసుకురండి. ఆ సాక్షిని కూడా తీసుకురండి.’

గైడు ఉత్తరం పట్టుకుని కత్తిరించే బల్ల దగ్గర నిలబడ్డాడు. తెలియని ప్రశ్న అంటే ఏమడగాలో ఆయనకు తోచలేదు. ఇన్నేళ్లూ జనం అడిగారు, తను చెప్పాడు. అడగడం ఆయన డ్యూటీలో లేదు. ఆవిడ గుడ్డ మీద సుద్దతో గీత గీస్తోంది.

“అది బరువురాయి కాదు, సరే. మరి ఏమంటావు?” అన్నాడు మెల్లిగా.

ఆవిడ సుద్ద పక్కన పెట్టింది. ఇటు తిరిగి, మొగుడు హాస్యానికి అడగడం లేదని నిదానంగా చూసుకుంది.

“ఏమో నాకూ తెలీదు. కానీ ఆ మూడో కన్నం ఉంది చూశారూ, అది వేరే చేతిది.”

“వేరే చెయ్యా?”

“మొదటి రెండూ రెండువైపుల్నించీ తొలిచారు, మధ్యలో కలిశాయి. నెమ్మదైన చెయ్యి. మూడోది ఒక్కవైపు నుంచే, ఏటవాలుగా, తొందర్లో. ఒకళ్లు మొదలుపెట్టారు, ఇంకొకళ్లు వచ్చి కానిచ్చారు. ఎందుకో మరి.”

“ఇదంతా ఎప్పుడు చూశావు?”

“మీరు మాట్లాడుతున్నప్పుడు.”

ఆ వారం సెలవు రోజున గైడు ఆవిడను మ్యూజియానికి తీసుకెళ్లాడు. మూసి ఉన్నరోజు పెట్టెలు తెరిచి దుమ్ము తుడిచే పని ఆయనదే, తాళాల గుత్తి ఆయన దగ్గరే ఉంటుంది. ఆ రాయిని చేతుల్లోకి తీసుకుని ఎన్ని వందలసార్లు తుడిచాడో లెక్కలేదు. రెండో గదిలో కిటికీ తలుపులు తెరిచి, నలభై మూడో నంబరు పెట్టె తాళం తీశాడు. అలవాటు కొద్దీ పెట్టెకు ఎడమపక్కన నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ రాయిని వెలుతురులోకి తిప్పి, ఆయన చూపుడువేలు పట్టుకుని మొదటి కన్నంలో పెట్టింది. తర్వాత రెండోదాంట్లో. తర్వాత మూడోదాంట్లో.

“ఏమనిపిస్తోంది?” అని అడిగింది.

గైడు ఏమీ చెప్పలేదు. వేలు బయటికి తీసి, మళ్లీ మొదటి కన్నం నుంచి మొదలుపెట్టాడు.